పొలిమేర దాటి తిన్న భోజనం

మా గోరంట్ల పక్క ఒక పద్ధతి ఉండాది. వేసిన బోర్లన్నీ ఎండిపోయిన మనిషి, కొత్త బోరు వేసేటప్పుడు చేను గట్టున నిలబడగూడదు. వాని నీడ పడితే నీళ్ళు ఇంకా కిందికి దిగిపోతాయంట. నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. అంగట్లో పొట్లాలు కట్టిచ్చిన కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఆ పాటి చదువుకే ఇది దండగమాటని తెలిసింది. ఊరికి మాత్రం తెలియలేదు.

మొన్న ఎండాకాలం మా తమ్ముడు ఆరు బోర్లు ఎండినాక ఏడో బోరుకు సిద్ధమైనాడు. చీనీ చెట్లు, అదే బత్తాయి, కొనల నుంచి ఎండుకొస్తాన్నాయి. అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్ళు చూసే మనిషి చేనంతా తిరిగి, టెంకాయ లేచి నిలబడిన చోట సున్నంతో గుర్తు పెట్టినాడు. "బోరు బండి వచ్చిన దినం నువ్వు పొలిమేర దాటిపో" అని తమ్మునికి చెప్పినాడు. ఆ గుర్తుకూ మా వదిన బోరుకూ నడుమ నలభై అడుగులు లేదు. వదినంటే చనిపోయిన మా పెద్దన్న భార్య. ఆ ఒక్క బోరు మీదనే ఆమె మల్బరీ తోట, ఆ ఆకు మీదనే ఇంటినిండా పట్టుపురుగులు.

"ఒరే, నాయన ఆడ బావి తవ్వినప్పుడు మన్ను మోసినోణ్ణి నేను. ఉండేది ఒకటే జల. నువ్వు లాగితే ఆమెకుండదు" అన్నాను.

"నా చెట్లు సస్తాంటే చూస్తా కూచోమంటావా అన్నా?"

వదినకు పోయి చెప్పే నోరు లేకపోయింది. బండి వచ్చిన దినం తమ్ముడు కదిరికి పోదాం రమ్మంటే వానెంట పోయినాను.

బస్టాండు దగ్గర చల్లని మిషను పెట్టిన హోటలు. పన్నెండు కాకముందే కూర్చున్నాము. "నిదానంగా తినల్లన్నా, బండి ఆగేదాకా ఊరికి పోగూడదు" అన్నాడు. రాగిముద్ద, నాటుకోడి పులుసు తెప్పించినాడు. పులుసు బాగలేదంటే అబద్ధమవుతాది. నేను ముద్దను నములుతాంటే వడ్డించే ఆయన నవ్వినాడు.

"ఏమప్పా పెద్దాయనా, ముద్ద మింగల్ల గానీ నములుతారా?"

"నిదానంగా తినమన్నాడప్పా మా తమ్ముడు."

"ఇంత పులుసు పోస్తా, అదే దిగుతాది."

చేను కాడ తమ్ముని బామర్ది ఉండాడు. మొదటి ఫోనులో దుమ్మే లేస్తాంది అన్నాడు. తమ్ముడు చెయ్యి విస్తట్లో పెట్టుకొని అట్లే కూర్చున్నాడు. రెండో ఫోనులో తడి మన్ను అన్నాడు. ఆ జల ఏ పక్కనుంచి వస్తాందో నాకు తెలుసు. మూడో ఫోనుకు తమ్ముడు లేచి నిలబడినాడు. రెండించుల నీళ్ళంట. కండ్లు తుడుచుకొని, "అన్నకు నెయ్యేసి రెండు ఓళిగలు తే" అని కేకేసినాడు.

వాని సంతోషం దొంగది కాదు. అదే నాకు మంట. వాణ్ణి తిట్టడానికి కూడా వీల్లేకుండా పోయింది.

బెల్లం పూర్ణం ఓళిగ తుంచినాను. ఈసారి మోగింది నా ఫోను. వదిన.

"మీ తమ్మునికి నీళ్ళు పడినాయంట గదప్పా. మంచిదాయె. మా మోటారుకే ఏమో అయినట్టుండాది. తిరుగుతాంది, నీళ్ళు ఎత్తడంలేదు. కదిరిలోనే ఉండావు గదా, మెకానిక్కును పిల్చకరా. పురుగులు ఆకు తింటాండాయి, తోట ఎండగూడదు."

నీళ్ళు ఎక్కడికి పోయినాయో ఆమెకు తెలియక కాదు. మోటారు చెడిపోయిందనుకుంటే బాగుచేసుకోవచ్చు గదా, అందుకు. "సరే వదినా" అన్నాను.

తమ్ముడు నా మొహం చూసినాడు. చెయ్యి కడుక్కోను పోయి శానాసేపు రాలేదు.

నేనొక్కణ్ణే మోటార్లు బాగుచేసే అంగడికి పోయినాను. మోటారు తిరుగుతాంది, నీళ్ళు రావడంలేదని చెప్పినాను. మెకానిక్కు చేతిలోని పాన కిందపెట్టకుండానే అడిగినాడు.

"పక్కన ఎవరన్నా కొత్త బోరేసినారా పెద్దాయనా?"