పుర్రచేతి బెల్టు

సుత్తి ఏ చేత్తో కొడతామో ఆ చేతి వైపే నడుముకు వేలాడాలి. రైసు మిల్లుల్లో ఫిట్టరుగా ముసలివాణ్ణయిన నేను ఎవరికైనా చెప్పగలిగింది ఇదొక్కటే. దీన్ని ఒప్పుకోని ఒక మేస్త్రీ వల్ల నా పని పోయింది, అతని చెయ్యి పోయింది. నాకు నా పని పోయినందుకే బాధ.

నాది గరిడేపల్లి పక్క ఊరు. బడి మొహం చూడలేదు. మిల్లులో ఖాళీ సంచుల మీది అచ్చు చూసి అక్షరాలు పట్టుకున్నాను. చిన్నప్పుడు అన్నం ముందు కూర్చుంటే మా నాయనమ్మ నా ఎడమ చేతిని చీర పేలికతో నడుముకు కట్టేసేది. ఎంత ఏడ్చినా తినడం అయ్యేదాకా విప్పేది కాదు. అట్లా తిండీ, ఇచ్చిపుచ్చుకోవడమూ కుడి చేతికి వచ్చాయి. సుత్తి పట్టడం మాత్రం ఎవరూ నేర్పలేదు కనుక అది ఎడమ చేతిలోనే మిగిలిపోయింది. మా వైపు దాన్ని పుర్రచెయ్యి అంటారు. ఆ మాట అనేటప్పుడు మూతి కొంచెం వంకర తిప్పుతారు.

నా బెల్టు నేనే చేసుకున్నాను. మోటారుకూ పుల్లీకీ మధ్య తిరిగి తిరిగి అరిగిపోయిన రబ్బరు పట్టాను కోసి, సూర్యాపేటలో చెప్పులు కుట్టే ఆయన ఎదురుగా కూర్చుని కుట్టించాను. అది నడుము ఒంపులో కాదు, ఇంకా కిందికి, తుంటి ఎముకల మీద కూర్చునేది. బరువు తుంటి మోయాలి, పొట్ట కాదు. ఎడమన సుత్తి, దానికి సరితూగేట్టు కుడిన పానాలు. వెనక వెన్నుపూస మీద ఏమీ పెట్టలేదు; వెల్లకిలా పడితే అక్కడున్న ఇనుము నేరుగా ఎముకలో దిగుతుంది. భుజాల మీదుగా పాత లారీ సీటు పట్టీలు. అది కట్టుకుని పొద్దంతా తిరిగినా నడుము పట్టేసేది కాదు. వడ్లను పైకి తోడే ఎలివేటరు నిచ్చెన ఎక్కి, కుడి చేత్తో మెట్టు పట్టుకుని, చూడకుండానే ఎడమ చేత్తో సుత్తి తీసేవాణ్ణి.

మిర్యాలగూడలో నేను చివరగా చేసిన మిల్లుకు కోదాడ నుంచి ఈ మేస్త్రీ వచ్చాడు. నాకంటే చిన్నవాడు. వచ్చిన కొద్ది రోజులకే దసరా. ఆయుధ పూజకు అందరం పనిముట్లు తుడిచి, బెల్టులతో సహా అమ్మవారి పటం ముందు పరిచాం. మేస్త్రీ వరుసగా బొట్లు పెడుతూ వచ్చి నా బెల్టు దగ్గర ఆగాడు.

"ఇది ఆ ఎడంచేతాయనదేనా?" అని రెండు వేళ్లతో ఎత్తి, చెప్పులు విడిచిన చోటికి విసిరాడు. "కడుక్కునే చేత్తో పట్టే సామాను తల్లి ముందు పెడతావా? సిగ్గుండొద్దూ?"

అందరూ నవ్వారు. నేను పటం చూపించాను.

"మేస్త్రీ, తల్లికి గన్ని చేతులున్నయి గద, అండ్ల సగం పుర్రచేతులే. గా చేతులల్ల ఉన్న విల్లు, శంఖం గూడ చెప్పుల కాడనే ఏస్తవా?"

ఈసారి నవ్వు మిల్లంతా వినబడింది. మోతె దగ్గరి తండా నుంచి వచ్చే వెల్డరు కొబ్బరి చిప్ప పట్టుకుని వంగి వంగి నవ్వాడు. "జల్ది చెప్పు మేస్త్రీ, తల్లి ఎదురు సూస్తున్నది!" మిల్లు సేటు కూడా నవ్వాడు. మేస్త్రీ నవ్వలేదు. నా బెల్టును నేనే తెచ్చి మళ్లీ వరుసలో పెట్టాను.

మర్నాడు పొద్దున నేను తగిలించే మేకుకు నా బెల్టు లేదు. బాయిలరు వైపు నుంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. వెళ్లి చూస్తే ఊక మంటలో ముడుచుకుపోతూ కనబడింది. మేస్త్రీ కొత్త బెల్టు ఒకటి నా మీదికి విసిరాడు.

"ఇకనుంచి అందరికీ ఇదే. ఒకే వాటం."

అందులో సుత్తి తగిలించే కొక్కెం కుడి తుంటికి కాస్త వెనకగా, రివిట్లు కొట్టి ఉంది. తిరగేసి కట్టుకుందామంటే జేబులు తలకిందులవుతాయి.

"నిచ్చెన మీద నేను కుడి చేత్తోని పట్టుకుంట మేస్త్రీ. సుత్తి గీడుంటే నాకు అందది. జారితె కిందోళ్ల మీద పడ్తది. కొక్కెం గిటు మార్చుకుంట."

"దాని మీద చెయ్యేస్తే గేటు బయటుంటావు. అలవాటు చేసుకో. మీ అమ్మ నేర్పలేదేమో, నేను నేర్పుతా."

వానాకాలం వడ్ల లారీలు గేటు బయట వరుస కట్టిన రోజుల్లో ఎలివేటరు పైన పుల్లీ పక్కకు జరిగింది. ఎక్కాను. మేస్త్రీ సరిగ్గా నా కిందే నిలబడి తలెత్తి అరుస్తున్నాడు. "ఆ చేత్తో కాదయ్యా! కుడి చేత్తో తియ్యి!" ఎడమ చెయ్యి పొట్ట మీదుగా పోయినా కొక్కెం అందలేదు. చేతులు మార్చాను. కుడి చేతి వేళ్లలో పిడి నిలవలేదు. "తప్పుకోండ్రి!" అని నేను అరిచేలోపే సుత్తి మేస్త్రీ కుడి భుజం మీద పడింది. పచ్చి కట్టె విరిచినట్టు చప్పుడైంది.

నేను దిగేసరికి అతను నేల మీద దొర్లుతూ, "కావాలనే వేశాడు, దసరా కక్ష" అంటున్నాడు. అంత నొప్పిలోనూ ఆ అబద్ధం మాత్రం కుదురుగా వచ్చింది. సేటు వెల్డర్ని అడిగాడు. "నువ్వు సూసినవా?"

"నేను వెల్డింగ్ చేస్తున్న సేటూ" అన్నాడు వాడు. చేతిలో మంట లేకపోయినా అద్దం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే నన్ను వెళ్లగొట్టారు. మిల్లు బెల్టు నా నడుముకే ఉండిపోయింది, ఎవరూ అడగలేదు. సుత్తి ఏసిన ముసలోడు అన్న మాట నాకంటే ముందే మిర్యాలగూడ మిల్లులన్నీ తిరిగింది. ఏ గేటూ తెరవలేదు. ఇప్పుడు సూర్యాపేటలో పిండిగిర్నీలు బాగుచేసుకుంటున్నాను. చెప్పులు కుట్టే ఆయనే ఇంకో బెల్టు కుట్టిపెట్టాడు.

ఈ ఎండాకాలం బెల్టు కావాలని మేస్త్రీ కబురు పంపితే కోదాడ వెళ్లాను. అతని కుడి చెయ్యి ఖాళీ సంచిలా వేలాడుతోంది. భార్య టీ తెచ్చింది. మొన్నొక పెళ్లిలో ఇతను ఎడమ చేత్తో కలుపుకుంటుంటే పక్కాయన విస్తరి ఎత్తుకుని లేచిపోయాడని ఆమే చెప్పింది. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

"అన్నా" అన్నాడు మేస్త్రీ. అంతకు ముందు ఎన్నడూ అలా పిలవలేదు. "ఇక్కడ వర్కుషాపులో పని ఇస్తామన్నారు. నీ బెల్టులాంటిదొకటి కుట్టించి పెట్టు. ఎడం వాటంది."

"కుట్టిస్త. జర సేటుకు ఫోన్ చెయ్యి. సుత్తి జారిందని చెప్పు, నేను ఏయలేదని చెప్పు."

"ఇప్పుడెందుకన్నా అవన్నీ? అయిపోయిన సంగతి."

"నాకు ఖతం కాలె."

"నేనే అబద్ధం చెప్పానంటే రేపు నా మొహం ఎవడు చూస్తాడు?"

"నా మొహం ఎవడు సూస్తున్నడు?"

"చెప్పేయండి, పోయేదేముంది" అంది భార్య తలుపు దగ్గర నుంచి. అతను తల అడ్డంగా ఊపాడు.

చెబుతాడేమోనని నడుము కొలతకు తాడు తెచ్చాను. దాన్ని జేబులోనే ఉంచి, సంచిలోంచి ఆ మిల్లు బెల్టు తీశాను. అతన్ని లేపి, నేనే కట్టి, బకిల్ బిగించి, కుడి వైపు కొక్కేనికి నా సుత్తి తగిలించాను.

"తియ్యి."

ఎడమ చెయ్యి పొట్ట మీదుగా పోయింది. వేళ్ల కొనలు పిడికి తగిలాయి, పట్టు దొరకలేదు. ఒళ్లు మెలితిప్పి మళ్లీ చూశాడు. చెమటలు పట్టాయి.

"అలవాటు చేస్కో" అన్నాను.

టీ మొత్తం తాగాను. ఎదురుగా నిలబడి, నా ఎడమ చేత్తో అతని నడుము నుంచి సుత్తి లాక్కుని బయటికి వచ్చాను. బెల్టు అతనికే వదిలేశాను. ఒంటి చేత్తో బకిల్ విప్పుకోవడం అతనికింకా రాదు.