పాదూసా ఇంట్లో ఊట

ఇటలీలో మా పో నది కట్టకు ఒలిందో ముప్పై ఏళ్ళు కాపలా కాశాడు. ఒక్కచోట కుదురుగా కూర్చునేవాడు కాదు. మొక్కజొన్న సంకటి కూడా నిలబడే తినేవాడు.

పూర్వం లాటిన్‌లో ఈ నదిని పాదుస్ అనేవారని, మా మైదానానికి పదానా అని, పాత పాయకు పాదూసా అని పేర్లు అందులోంచే వచ్చాయని చర్చి ఫాదర్ చెప్పాడు. ఒలిందో ముచ్చటపడి కూతురికి పాదూసా అని పేరు పెట్టుకున్నాడు. తీరా బాప్తిస్మం రోజున అదే ఫాదర్, అది పునీతుల పేరు కాదని మొండికేసి మరియ అని పెట్టాడు. ఊరు మాత్రం పాదూసా అనే పిలిచింది, ఎగతాళికి. నీళ్ళు పెరిగినప్పుడల్లా ఆ పిల్లను చూడ్డానికి చుట్టాలొస్తున్నారని ఏడిపించేవాళ్ళం. నేనూ ఏడిపించాను.

ఆ నవంబరులో వరద కట్ట అంచుకు మూరెడు దూరంలో ఆగింది. అంత నీరు నిలిస్తే కట్ట కిందనుంచి దారి చేసుకుని ఇవతల ఊటలు పుడతాయి. ఊటను నొక్కకూడదు. నొక్కితే ఆ నీరు కట్టనే తొలిచేస్తుంది. చుట్టూ బస్తాలు పేర్చి, లోపల నీటిని ఎక్కనివ్వాలి. ఆ బరువుకు ఊట నెమ్మదించి, ఇసుక తేవడం మానుతుంది. ఇది మాకు నేర్పింది ఒలిందోనే.

ఆ మధ్యాహ్నం ఊట అతని వంటింట్లోనే పుట్టింది. అతను రెండు బస్తాలు దాని మీద పడేసి, వాటిపైకి పిండిపెట్టె లాగి, తలుపేసి కట్ట మీదకు వచ్చాడు. చూపు ఇంటివైపే. ఏమైందంటే కసిరాడు.

గంటకు పాదూసా మోకాళ్ళదాకా బురదతో వచ్చింది. అప్పటికి పదిహేడేళ్ళు.

"బస్తాలు తీసేశాను నాన్నా. మనింటి వెనక కట్ట మెత్తబడింది. కాలు దిగబడుతోంది."

"ఏం బస్తాలే? నోర్మూసుకో."

"నా చుట్టాలు ఇంట్లోకే వచ్చారని నవ్వుతారని ఊరంతా ముంచుతావా?"

ఒలిందో మావైపు తిరిగాడు.

"మా ఇంట్లో ఊట పుట్టింది. నేనే నొక్కేశాను. బస్తాలు పట్టుకు రండి."

ఎవరూ నవ్వలేదు. ఆ ఇల్లు కట్టను ఆనుకునే ఉంది. బయట గోడ పేర్చే చోటు లేక గుమ్మాలు మూసి ఇంటినే బావి చేశాం. నీరు పొయ్యిని, మంచాన్ని ముంచి కిటికీదాకా ఎక్కింది. పాదూసా కిటికీలోంచి దోసిట్లోకి తీసి చూపించింది. ఇంకా ఇసుక.

"కిటికీ కూడా మూసేయండి," అన్నాడు ఒలిందో.

మూశాం. పొద్దుగూకే వేళకు బస్తాల సందుల్లోంచి కారే నీరు తేటపడింది. కట్ట నిలిచింది, మా ఇళ్ళన్నీ నిలిచాయి. నానిన అతని ఇల్లు మాత్రం ఆ వారమే కూలింది. వాళ్ళకు ఇటుకలు ఏరిపెట్టడానికి వెళ్ళాను గాని, తండ్రీకూతుళ్ళ ముఖం చూడలేకపోయాను.