సగటు పిక్క

విజయనగరంలో మా ఇంటర్ కెమిస్ట్రీ మేడమ్ ఐసోటోపులు చెప్పడానికి చింతపిక్కలు తెచ్చేవారు. మూడు తేలికవి, ఒకటి బరువుది ఇచ్చి, తూచి సగటు తీయమనేవారు.

"క్లోరిన్ కూడా ఇంతే. ముప్పై అయిదున్నర అని రాస్తాం గానీ, సరిగ్గా అంత బరువున్న పరమాణువు ఒక్కటీ లేదు."

ఆ తర్వాత అరచెయ్యి చాపి ప్రతిసారీ అదే మాట: "ఏదర్రా, సగటు పిక్క ఎవరికాడైనా ఉన్నాదేటి?" మేం నవ్వుతూ వెతికేవాళ్లం.

పబ్లిక్ పరీక్షల ముందు కాలేజీవాళ్లు తక్కువ మార్కులవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో కొట్టేసి ఇళ్లకు పంపేశారు. నెల్లిమర్ల నుంచి వచ్చే నా స్నేహితురాలు కూడా వాళ్లలో ఉంది. మేడమ్ వద్దని బతిమాలారట, ఎవరూ వినలేదు. మర్నాడు ప్రిన్సిపాల్ వచ్చి, మా సెక్షన్ సగటు పెరిగిందని చప్పట్లు కొట్టించారు. అందరం కొట్టాం.

ఆయన వెళ్లాక మేడమ్ బల్ల మీద పిక్కలు పోశారు. తేలికవాటిని ఒక్కొక్కటే ఏరి కిటికీలోంచి పారేసి, మిగిలినవి తూచారు.

"సగటు పెరిగినాది. సూడండి, ఒక్క పిక్కయినా బరువెక్కినాదేటి?"

ఆ రోజు ఆవిడ చెయ్యి చాపలేదు. నా పక్కన నా స్నేహితురాలు కూర్చునే చోటు వైపు చూశారు. అప్పటికే నేను బెంచీ మధ్యకు జరిగి కూర్చున్నాను.