మేస్త్రి తిప్పిన మర

కాటాలు బాగుచేసే దుకాణంలో బిల్లులు రాసే ఆమెను ఇంట్లో బొద్దమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది పదేళ్ళు పెద్దదైన అక్క. పసితనంలో ఆమెను చంకనేసుకుని తిప్పీ తిప్పీ, "దీన్ని మోసే నా నడుం ఒక పక్కకి ఒరిగిపోయింది" అని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించేది.

ఆ అక్కకి రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. తన కిడ్నీ ఇస్తానని బొద్దమ్మ ముందుకొచ్చింది. పరీక్షలన్నీ సరిపోయాయి, బరువొక్కటే సరిపోలేదు. ఎనభై తొమ్మిది కిలోలు ఎనభైకి దిగితేగాని ఆపరేషన్ కుదరదన్నారు.

ఆ రోజు నుంచి నోరు కట్టేసుకుంది. పొద్దున్నే దుకాణం తెరవగానే చెప్పులు విడిచి, బస్తాలు తూచే పెద్ద కాటా ఎక్కేది. మొదటి మూడు కిలోలు చకచకా దిగాయి. తర్వాత ముల్లు మొండికేసింది. అసలే గాలి పీల్చినా ఒళ్ళొచ్చే మనిషి.

"అంతలా కడుపు మాడ్చుకోకే. నీ కిడ్నీ ఆకలి మీద వచ్చిందంటే నన్నే కొరుక్కు తింటుంది" అనేది అక్క, సూది గుచ్చిన చెయ్యి కదపకుండా నవ్వుతూ.

ఒకరోజు బొద్దమ్మ కాటా దిగి, గోడవైపు తిరిగి ఏడ్చింది. మరలూ స్ప్రింగులూ ఉన్న డబ్బా ముందేసుకుని కూర్చున్న ముసలి మేస్త్రి అది చూశాడు.

మర్నాటి నుంచి ముల్లు మళ్ళీ దిగసాగింది. పావుకిలో, అరకిలో, మళ్ళీ పావుకిలో. ఆ ధైర్యంతో ఆమె రాత్రుళ్ళు రెండు ముద్దలు ఎక్కువ తిన్నది కూడా. ముల్లు ఎనభై చూపించిన పూటే ఆసుపత్రికి పరిగెత్తింది.

అక్కడి కాటా ఎనభై నాలుగు చూపించింది. మూడుసార్లు ఎక్కినా అదే. ఆపరేషన్‌కి తేదీ ఇవ్వలేదు.

"చెప్పులు విడిచే ఎక్కావా?" అనడిగింది అక్క.

"విడిచే ఎక్కాను."

"జడ కూడా కత్తిరించుకుని ఎక్కాల్సింది."

ఇద్దరూ నవ్వారు. చెల్లెలే ముందు ఆపేసింది.

ఆ రెండు ముద్దలే కొంప ముంచాయనుకుంది బొద్దమ్మ. దుకాణంలో కాటా వైపు కూడా చూడడం మానేసి, అయిదు వారాలు దాదాపు నీళ్ళ మీదే బతికింది. ఆరో వారంలో అక్కకి ఇన్‌ఫెక్షన్ సోకింది. రెండో రోజు మధ్యాహ్నం కళ్ళు తెరిచి, చెల్లెలి మణికట్టు పట్టుకుని చూసింది.

"ఎముకలు తగులుతున్నాయే. ఇలా అవుతావనా నిన్ను మోసింది?"

మూడో రోజుకి అక్క లేదు.

రెండు వారాల తర్వాత బొద్దమ్మ పనిలోకి వచ్చింది. తాళం తీసింది. అలవాటుగా కాళ్ళు చెప్పులు విడిచాయి, కాటా ఎక్కాయి. ముల్లు ఎనభైకి ఒక గీత కింద ఆగింది. చేతికందింది నోటికందకపోవడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. దిగడం మర్చిపోయి అలాగే నిలబడింది.

వెనక మేస్త్రి గొంతు వినిపించింది. "నేనే కాటా ముల్లు మర తిప్పాను తల్లీ. రోజూ నువ్వు ఏడుపు మొహంతో దిగుతుంటే చూడలేక, కొద్దికొద్దిగా తిప్పాను. ఉత్సాహమొస్తే నిజంగానే తగ్గుతావనుకున్నాను. నీకు తేదీ ఇవ్వలేదని తెలిసిన రోజే సరిచేశాను. చెప్పడానికే నోరు రాలేదు."

ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో ఏ కొట్టువాడు బతిమాలినా గ్రాము తేడా పెట్టని చెయ్యి అది.

ముల్లు వైపే చూస్తూ ఆమె అడిగింది. "ఇప్పుడు సరిగ్గానే ఉందా?"

"తూకపు రాళ్ళు పెట్టి చూశాను. సరిగ్గానే ఉంది."

"అయితే తగ్గాను."

"తగ్గావు తల్లీ."

ఆమె దిగింది. ఇక ఎక్కే పని లేనట్టు కాటా మీద ఇనప రాళ్ళ పెట్టె ఎత్తిపెట్టి, బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నెలల తరబడి సగానికి కూడా నింపని అన్నం డబ్బాను ఆ పొద్దున ఎందుకో నిండా పెట్టుకొచ్చింది. మూత తీసింది. మొదటి ముద్దను నీళ్ళు తాగి మింగింది. రెండోది కలిపింది.

మేస్త్రి తన డబ్బా ముట్టుకోలేదు.

"తినండి మేస్త్రిగారూ" అంది, అతని వైపు చూడకుండా. "మీ మీద కోపం పోలేదు. అయినా తినండి."