మందూ కట్టూ లేకుండా వెళ్ళిన ఇల్లు

ఎనభైల మొదట్లో కొత్తపేట దగ్గర ఒక ఊళ్ళో ప్రభుత్వ నర్సుగా పనిచేసేదాన్ని. పక్షవాతంతో మంచం పట్టిన ఒక మేష్టారికి వీపు మీద పుళ్ళు కడిగి కట్టు కట్టడానికి కాలవ గట్టు వెంట వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఆయన పోయి, కర్మకాండ అంతా అయ్యాక ఒకరోజు మళ్ళీ బయల్దేరాను. సంచీ భుజానుంది గాని అందులోంచి తీయాల్సిందేమీ లేదు. దారి పొడుగునా వెనక్కి తిరిగిపోదామా అనే అనిపించింది. అంతా అయిపోయాక ఎందుకొచ్చావంటే ఏం చెప్పను?

గుమ్మంలో ఆయన తల్లి నిలబడి ఉంది.

"ఇంకెవరికమ్మా కట్టు కట్టడానికొచ్చేవు?"

"ఊరికే చూసి వెళ్దామనండీ."

ఆవిడ పక్కకి తప్పుకోలేదు. ఆవిడ భుజం మీంచి చూస్తే, పెరట్లో మేష్టారి భార్య ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతుకుతోంది. దండెం మీద వేసినవి ఆరకుండానే ఎడంచేత్తో లాగేసి మడతపెడుతోంది. నన్ను చూసి తడిచేతులతోనే పరుగున వచ్చింది.

"నర్సుగారూ, ఆఖర్న ఆయనకి నొప్పి తెలిసిందంటారా? అందరూ ఏడవొద్దంటారు గాని, ఇది మాత్రం ఎవరూ చెప్పరండీ."

చివర్లో ఆయనకి స్పృహ లేదని, పుండు కడుగుతున్నా మొహం చిట్లించలేదని, నేను చూసినదే చెప్పాను.

"నిజంగానా అండీ?"

"ఆయ్, నిజమేనండీ."

మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. అప్పుడు అరుగు మీద కూలబడింది. మొహం తుడుచుకోబోతే కుడిచెయ్యి పైకి లేవలేదు. ఆయన్ని పక్కకి తిప్పీ తిప్పీ భుజం పట్టేసిందట.

"పెద్దాసుపత్రిలో చూపించాలండీ" అన్నాను అత్తగారితో.

"ఏడాది తిరక్కుండా గడప దాటకూడదమ్మా."

"నేనే తీసుకెళ్ళి నేనే దిగబెడతానండీ."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. హద్దు మీరానేమో అనుకుంటూ ఇంటికొచ్చాను. ఆ వారమంతా ఏ ఇంట్లో పని చేస్తున్నా మనసు అక్కడే ఉంది.

మళ్ళీ వెళ్ళేసరికి అత్తగారు గుమ్మంలో గొడుగు పట్టుకుని ఉంది. వెనకాల కోడలు చెంగు కప్పుకుని నిలబడింది.

"దాన్ని తీసుకెళ్ళమ్మా. నేనూ వస్తాను."

"మీకేం బాగోలేదండీ?"

"వాణ్ణి కన్నదాన్ని. వాడికి నొప్పి తెలిసిందా అని నేనూ అడగాలనుకున్నాను. నువ్వు దానికే చెప్పేవు. నాకూ చెప్పు."

బస్సెక్కేదాకా చెబుతూనే నడిచాను. జవాబు పూర్తికాకముందే ఆవిడ మళ్ళీ మొదటినుంచి అడిగేది. పెద్దాసుపత్రి వైద్యంతో కొన్నాళ్ళకి కోడలి చెయ్యి పైకి లేచింది. తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా అత్తగారే పీట వాల్చి, ఎదురుగా కూర్చుని, కొడుకు గురించి అడిగేది.