చావనివాళ్ళను తిప్పికొట్టే పూజారి

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఎంత బాగా అంటే, ఎదుటివాడి ఇంగ్లీషు తప్పని ధైర్యంగా చెప్పగలిగేంత. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి మదనపల్లెలో డిగ్రీకి చేరినవాడికి రెండేళ్ళలోనే ఇంత విద్య ఎట్లా పట్టుబడిందో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. డిక్షనరీ ఒకటి సంపాదించి చంకలో పెట్టుకుని తిరిగాను, అంతకన్నా చేసిందేమీ లేదు. (తెరిచి చూడటం అనుమానం ఉన్నవాళ్ళ పని. నాకు అనుమానాలు ఉండేవి కావు.) మెస్సులో ‘అన్నం రెండుసార్లు మాత్రమే వడ్డించబడును’ అని బోర్డు పెడితే, మూడోసారి నా అంతట నేనే వడ్డించుకుంటే అది ‘వడ్డించబడటం’ కిందికి రాదని మేనేజరుతో వాదించి గెలిచాను. ఆ పూట నుంచి స్నేహితులు నన్ను ‘లా పాయింటు’ అని పిలవడం మొదలుపెట్టారు. చాలా ఏళ్ళు అది పొగడ్తే అనుకున్నాను.

తర్వాత మెస్సు మానేసి ముగ్గురం ఒక గది తీసుకున్నాం. కింద పట్టుదారం అంగడి, పక్క సందులో పొద్దస్తమానం పట్టుగూళ్ళు ఉడికే వాసన. మిగతా ఇద్దరిలో ఒకడిది కుప్పం. ఇంటరు బెంగుళూరులో చదివి వచ్చాడు కాబట్టి వాడు బెంగుళూరోడు. ఇంకొకడు పుంగనూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ. మనిషి పొట్టి, ఒళ్ళు గట్టి, మాట తక్కువ. ఆ పక్క ఆవులూ ఎద్దులూ ఎంత ఎత్తుంటాయో తెలిసినవాళ్ళెవరో వాణ్ణి చూసిన మొదటిరోజే పొట్టెద్దు అన్నారు, అదే నిలిచిపోయింది. వాడు ఏమీ అనుకునేవాడు కాదు. గదిలో వంట వాడిదే. వాడు కెలికిన సంగటి తిన్నాక మెస్సు అన్నం మీద నేను గెలిచిన వ్యాజ్యం ఎంత పనికిమాలినదో తెలిసింది.

బెంగుళూరోడి అక్క బెంగుళూరులో ఒక ఆఫీసులో టైపిస్టు. ఆ ఆఫీసుకు వచ్చిన విదేశీ ఇంజనీరు భార్య అక్కడి ఆడవాళ్ళకు ఒక ఆట నేర్పించిందట. అక్క ఆ ఆట పుస్తకంలోని ముఖ్యమైన పేజీలను టైపు చేసుకుని, కార్బను కాపీ తమ్ముడికి ఇచ్చింది. పటం ఉండదు, పావులుండవు. ఒకడు కథ చెబుతూ ఆట నడుపుతాడు, మిగతావాళ్ళు కథలో మనుషులు. ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు పూజారి, ఇట్లా. ఒక్కొక్క వేషానికి ఒక్కొక్క శక్తి, ఆ శక్తికి ఒక నిబంధన. కత్తి తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెప్పాలి. అట్లాంటి పాచిక మదనపల్లెలో ఎవరూ చూసి ఎరగరు గనుక, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు రాసిన చీట్లు పళ్ళపొడి డబ్బాలో వేసి తీసేవాళ్ళం. మా రాక్షసుల మీద సన్నగా లవంగం వాసన వచ్చేది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆట. పొట్టెద్దు యోధుడు. పేరు వీరభద్రప్ప, ఎత్తు ఏడడుగులు. (ఎత్తు ఎంత కావాలంటే అంత రాసుకోవచ్చని చెప్పినప్పుడు వాడి ముఖం చూడాల్సింది.) అయిదు నెలల పాటు వాడు ఆ వీరభద్రప్పను సాకాడు. నోటుబుక్కులో అతని కవచం, గుర్రం, చేతి మీద గాయం మచ్చ, అన్నీ రాసుకున్నాడు. పరీక్షలైపోతే వాణ్ణి నాయన సేద్యానికి పిలిపించుకుంటాడని మాకు తెలుసు. వాడికీ తెలుసు. దాని గురించి మాట్లాడేవాడు కాదు. వీరభద్రప్ప గురించి మాత్రం అడక్కపోయినా చెప్పేవాడు.

నేను పూజారి. పూజారికి కవచమూ ఉంది, గదా ఉంది, దేవుడి అండ అదనం. నష్టం లేని వేషమని లెక్కవేసి తీసుకున్నాను. పూజారి శక్తుల కాగితం నా దగ్గరే ఉండేది, ఇంకొకరి చేతికి ఇచ్చేవాణ్ణి కాదు. అందులో నన్ను ఆకర్షించిన వాక్యం ‘ది ప్రీస్ట్ మే టర్న్ అవే ది అన్’ దగ్గర ఒక వరసలో ఆగి, చిన్న గీత తర్వాత ‘డెడ్’ అని కింది వరసలో దిగింది. అన్-డెడ్. హ్యాపీ కానివాడు అన్‌హ్యాపీ. డెడ్ కానివాడు అన్‌డెడ్. అంటే చావనివాడు, అంటే బతికున్నవాడు. బతికున్న ఎవణ్ణయినా సరే నా పూజారి చెయ్యెత్తి వెనక్కి పంపగలడన్నమాట. ఇంత శక్తి నా చేతిలో ఉందని తెలిశాక దాన్ని మంచి సమయం కోసం దాచుకున్నాను.

ఆ సమయం వచ్చింది. అడవిదారిలో ఆరుగురు దొంగలు మా మీద పడ్డారు. వీరభద్రప్ప ఇద్దర్ని పడగొట్టి, మిగతా నలుగురి చేతిలో తానే పడిపోయాడు. కొన ఊపిరి ఉందని చెప్పి, పూజారి ఏం చేస్తాడని బెంగుళూరోడు నన్ను అడిగాడు. నేను మంచం మీద లేచి నిలబడి చెయ్యెత్తాను. దొంగలు బతికున్నవాళ్ళు కాబట్టి అన్‌డెడ్ అని, కాబట్టి నేను తిప్పి పంపేశానని చెప్పాను. బెంగుళూరోడు ఒప్పుకోలేదు. అన్‌డెడ్ అంటే దయ్యాలని, చచ్చి కూడా లేచి తిరిగే శవాలని చెప్పాడు. చచ్చినవాణ్ణి చావనివాడని ఏ భాషలో అంటారని నేనడిగాను. హ్యాపీ, అన్‌హ్యాపీ నుంచి మొదలుపెట్టి వరసగా పన్నెండు ఉదాహరణలిచ్చాను. వాడు ఆట నడిపేవాడి మాటే చెల్లుతుందన్నాడు. రాసిన మాటే చెల్లుతుందని నేనన్నాను. ఇట్లా ఎంతసేపు గడిచిందో తెలియదు, చివరికి బెంగుళూరోడు విసుగెత్తి, నువ్వు వాదిస్తుండగా కథలో దొంగల వంతు మూడుసార్లు వచ్చి పోయిందని, వీరభద్రప్ప ప్రాణం పోయిందని ప్రకటించాడు.

పొట్టెద్దు నోటుబుక్కు మూశాడు. పెన్నుకు మూత పెట్టాడు.

“అయిపాయనా?” అన్నాడు. చొక్కా తగిలించుకుని కిందికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి గదిలో సంగటి లేదు. వాడు తిట్టలేదు, అలగలేదు, పొయ్యి మాత్రం వెలిగించలేదు. నేనూ బెంగుళూరోడూ బయట తిని వస్తూ, చంపింది నీ తీర్పు అని నేనూ, చంపింది నీ ఇంగ్లీషు అని వాడూ దారిపొడవునా పోట్లాడుకునేవాళ్ళం. నా మాటే నిజమైతే వీరభద్రప్ప చావు చెల్లదు, మళ్ళీ బతుకుతాడు. అందుకోసమే పోరాడుతున్నానని పొట్టెద్దుకు చెప్పాను. అది అబద్ధమని వాడికి తెలుసనుకుంటాను. నాకు తెలియడానికి మాత్రం ఇంకొంత కాలం పట్టింది.

ముందు మా ఇంగ్లీషు లెక్చరరు దగ్గరికి పోయాం. ఆయన కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఇంగ్లీషులో ఇట్లాంటి మాటే లేదని, ఇది టైపు తప్పని తేల్చి, ఎర్రసిరాతో ‘అన్’ కొట్టేశారు. ఇప్పుడు నిబంధన ప్రకారం పూజారి చచ్చినవాళ్ళను తిప్పగలడు. ఎందుకు తిప్పాలో, ఎటు తిప్పాలో మాకు అర్థం కాలేదు. ఆయనను అడిగే ధైర్యం కూడా లేకపోయింది.

తర్వాత పుంగనూరు. పొట్టెద్దు వరస మేనమామ ఒకాయన అక్కడ ప్లీడరు. పొట్టెద్దును కూడా బతిమాలి తీసుకుపోయాం. నిబంధనకు అర్థం చెప్పడంలో ఆయనను మించినవాడు ఆ కోర్టులో లేడని చెప్పుకునేవాళ్ళు, ఎక్కువగా ఆయనే చెప్పుకునేవాడు. ఆటని చెబితే తేలిగ్గా తీసుకుంటాడేమోనని ముందు అసలు సంగతి మాత్రం చెప్పాం. వీరభద్రప్ప అనే మనిషిని ఆరుగురు అడవిలో కొట్టి చంపారని, పక్కనే ఉన్న పూజారి కాపాడలేదని. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, ఏ స్టేషను పరిధి అని అడిగాడు. అప్పుడు ఆటని చెప్పాల్సి వచ్చింది. కోప్పడతాడనుకుంటే ఇంకా ఉత్సాహంగా కాగితం లాక్కున్నాడు. ‘మే’ అన్నాడు గానీ ‘షల్’ అనలేదు కాబట్టి తిప్పి పంపడం పూజారి ఇష్టం, బాధ్యత కాదన్నాడు. కాబట్టి పూజారి మీద కేసు నిలబడదు. ఆట నడిపేవాడి మీదా నిలబడదు. దొంగలు కల్పితం గనుక వాళ్ళ మీద అసలే నిలబడదు. చివరికి ఎవరి తప్పని తేలుస్తావు మామా అని పొట్టెద్దు అడిగితే, ఆయన వాడి వైపు జాలిగా చూశాడు.

“చట్టప్రకారం సూస్తే, ఆ దారిన పోవడం నీ వీరభద్రప్పదే తప్పప్పా.”

బయటికొచ్చాక పొట్టెద్దు నడుస్తా నడుస్తా ఉన్నట్టుండి నవ్వాడు. రెండు వారాల్లో అదే మొదటి నవ్వు. ఆ ధైర్యంతోనే మరుసటి శనివారం వాణ్ణి కూడా కుప్పం బస్సెక్కించాం. అక్క వారానికోసారి రైల్లో ఇంటికొస్తుంది, అసలు పుస్తకం చదివింది ఆమె ఒక్కతే. నిజానికి ఇదంతా మొదటిరోజే ఆమెకు ఒక కార్డు రాస్తే తేలిపోయేది. కానీ ముగ్గురు మగవాళ్ళం, అందులో ఒకడు లా పాయింటు, ఒక ఆడమనిషిని అడగటం చివరి మార్గంగా పెట్టుకోవడం ఆనాటి మర్యాద.

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్క వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తూ మా ఇద్దరి వాదనలూ చివరిదాకా వినింది. నేను పన్నెండు ఉదాహరణలూ మళ్ళీ చెప్పాను. ఎర్రసిరా సంగతీ, ‘మే’, ‘షల్’ సంగతీ చెప్పాను. ఆమె నవ్వలేదు. అన్‌డెడ్ అంటే దయ్యాలేనని, తమ్ముడు చెప్పిందే నిజమని ఒక్క ముక్కలో తేల్చింది. బెంగుళూరోడు కాలర్ సర్దుకున్నాడు. ఆమె చెయ్యి చాపి నా కాగితం తీసుకుంది.

“ఆ యప్ప పడిపోయినప్పుడు పానం ఉండాదా, లేదా?”

కొన ఊపిరి ఉందని చెప్పాను.

“మరి ఈ వరస సదవలేదా నువ్వు?”

నేను ఇన్నాళ్ళూ వాదించిన వాక్యం కిందనే, అదే కాగితంలో, అదే కార్బను సిరాలో ఇంకో వాక్యం ఉంది. పూజారి రోజుకు ఒకసారి, గాయపడిన తోటివాడి మీద చెయ్యి పెట్టి ప్రాణం నిలపవచ్చు. అందులో చీలిన మాట లేదు, తెలియని మాట లేదు. చెయ్యి, గాయం, ప్రాణం. ఆరో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. నేను దాన్ని అంతకుముందు చూశానా అంటే చూశాననే చెప్పాలి. వాదించడానికి ఏమీ లేదు గనుక దాటేసి ఉంటాను.

అక్క మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది. నేను ఉదాహరణల కోసం వెతుక్కున్నాను, ఒక్కటీ దొరకలేదు. పొట్టెద్దు నా వైపు చూస్తాడేమోనని నేల వైపు చూస్తూ కూర్చున్నాను. బెంగుళూరోడు కూడా కాలర్ వదిలేశాడు, ఆట నడిపేవాడిగా ఆ వాక్యం వాడికీ తెలిసి ఉండాల్సిందే కదా.

అక్క లోపలికి పోయి ఏదో తెచ్చి నా అరచేతిలో పెట్టింది. ఇరవై ముఖాల పాచిక. నీలం రంగు, గోలీ కన్నా కొంచెం పెద్దది. ముగ్గురం మొదటిసారి చూడటం.

“తప్పు జరిగిన కాడికి ఎనక్కి పోవచ్చు. మా ఆఫీసు ఆటలో మేమూ పోతాం. ఇప్పుడు పెట్టప్పా చెయ్యి.”

పట్టపగలు, కుప్పంలో, వీధిలో పోయేవాళ్ళు చూస్తుండగా, నేను పొట్టెద్దు భుజం మీద చెయ్యి పెట్టాను. నవ్వాలో వద్దో తెలియలేదు. వాడు మాత్రం గుడిలో తీర్థానికి నిలబడినంత బుద్ధిగా కూర్చున్నాడు. ఎంత పడితే అంత ప్రాణం తిరిగొస్తుందని అక్క చెప్పింది. రెండో చేత్తో పాచిక వేశాను. అది దొర్లి దొర్లి చిక్కుడుతొక్కల దగ్గర ఆగింది.

ఒకటి. అంతకన్నా తక్కువ ఆ పాచిక మీద లేదు.

ఇరవైలో నాకు ఒకటే పడిందని, నా చెయ్యే అంతని, ఇంకోసారి వేస్తానని గొణిగాను. నిబంధనలో ‘రోజుకు ఒకసారి’ అని ఉంది కానీ రోజంటే ఏమిటో రాయలేదని కూడా అనబోయాను.

“సాలప్పా,” అన్నాడు పొట్టెద్దు. “బతికినాడు కదా.”

జేబులోంచి నోటుబుక్కు తీశాడు. చచ్చిపోయినవాడి నోటుబుక్కును మూడు వారాలుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడని అప్పుడు తెలిసింది. ప్రాణం అని రాసిన చోట సున్నా కొట్టేసి, పక్కన ఒకటి వేసుకున్నాడు.

పరీక్షలయ్యాక అనుకున్నట్టే వాడు సేద్యానికి వెళ్ళిపోయాడు. నేను ప్రభుత్వోద్యోగంలో చేరాను. నిబంధనలకు అర్థాలు చెప్పే సెక్షనులోనే వేశారు, ముప్పై ఏళ్ళు అక్కడే చేశాను. నా దగ్గరికి అర్జీలతో వచ్చినవాళ్ళ అదృష్టం ఎట్లాంటిదో మీరే ఊహించుకోండి. నా గురించి నేను మంచిగా చెప్పుకోగలిగింది ఒకటే. సంతకం పెట్టే ముందు కింది వరస కూడా చదివేవాణ్ణి. అన్నిసార్లూ కాదు, చాలాసార్లు.

మొన్నామధ్య పుంగనూరు మీదుగా పోతూ పొట్టెద్దు ఇంటికి వెళ్ళాను. జుట్టు నెరిసింది, ఒళ్ళు మాత్రం అట్లాగే గట్టిగా ఉంది. కోడలికి నన్ను పరిచయం చేస్తూ, “ఈ యప్ప ఒగసారి నా పానం కాపాడినాడమ్మా,” అన్నాడు. ముఖంలో వెటకారం ఎక్కడైనా ఉందేమోనని చూశాను. ఉన్నా నాకు దొరకనివ్వలేదు. ఆ అమ్మాయి నా వైపు గౌరవంగా చూసి, లోపలికి పోయి నాకు వేరుగా పెద్ద గ్లాసులో కాఫీ తెచ్చింది. ఎట్లా కాపాడానని ఆమె అడగలేదు. నేను తల కొంచెం వంచి, ఇట్లాంటివి నాకు మామూలే అన్నట్టు ముఖం పెట్టుకుని, ఆ కాఫీ అంతా తాగాను.