వేపమండల వెనుక ట్యూబు

మా ఇంట్లో మొటిమలు నాకొక్కదానికే వచ్చాయి. ఎండలో గొర్ల వెంట తిరిగే బాపు ముఖం నున్నగా ఉండేది. షాద్‌నగర్‌లో ఉంటూ బట్టల దుకాణంలో ఫ్యాను కింద నిలబడి చీరలు మడతపెట్టే నా ముఖమేమో గుల్లలతో నిండిపోయింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, ఒకామె శనగపిండి అంది, ఇంకొకామె టూత్‌పేస్టు అంది. చీర బేరమాడుతూ ఒక ముసలామె నా గదవ పట్టుకుని, "పెండ్లయితే అవే పోతయి బిడ్డా" అంది. ఒళ్లు మండింది. నవ్వి ఇంకో చీర విప్పాను.

మెడికల్ షాపాయన నేను అడగకముందే ఒక ట్యూబు తీసి ఇచ్చాడు. "రాత్రి పండుకునేటప్పుడు రాయమ్మా, నాలుగొద్దులల్ల సాపైతది." మూడు రోజులకే సాపైంది. అద్దం ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

కొన్ని నెలలకు దాని సంగతి తెలిసింది. ఒక్కరోజు రాయకపోతే ముఖం మంట. మూడు రోజులు మానితే ఎర్రగా ఉబ్బి, చీము పొక్కులు. మళ్లీ రాస్తే తగ్గేవి. రాసీ రాసీ చర్మం పలచబడి, ఎండకు వెళ్తే కారం పూసినట్టుండేది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఇంట్లో మాత్రం పసుపు రాస్తున్నానని చెప్పాను. ట్యూబు సంగతి తెలిస్తే దుకాణంలో పని మాన్పించి ఊళ్లో కూర్చోబెడతారని నా భయం. అట్లా రెండేళ్లు.

దుకాణం మరమ్మతుకని పది రోజులు మూశారు. ఈసారి మానేద్దామని ట్యూబు సంచి అడుగున పడేసి ఊరికి పోయాను. మూడో రోజు పొద్దున నా ముఖం చూసి అమ్మ చేతిలోని చెంబు కింద పెట్టేసింది.

"తల్లి వచ్చింది" అంది.

నేను నోరు తెరిచేలోపే అర్రలో చాప పరిచింది, తలుపుకు వేపమండలు కట్టింది. ఇంట్లో తాలింపు బంద్. నాకు సబ్బు లేదు, స్నానం లేదు. "మందు అసలే ముట్టద్దు బిడ్డా, తల్లికి కోపమొస్తది. జర ఓర్సుకో." ఎవరైనా పలకరించడానికి వస్తే వాకిట్లోంచే పంపేసేది.

ఇది అమ్మవారు కాదమ్మా, నేను రాసుకున్న మందు అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. తేలు కుట్టిన దొంగలా చాప మీద పడి ఉన్నాను. అర్రకు కిటికీ లేదు. ముఖం మీద చెయ్యి పెడితే చెయ్యి కాలేది. పొద్దునా సాయంత్రం అమ్మ చల్ల తెచ్చి, నా కాళ్ల దగ్గర పెట్టి, రెండు చేతులూ జోడించేది. "సల్లంగ సూడు తల్లీ, నా బిడ్డను ఇడిసిపెట్టు" అని నాకే మొక్కేది. కన్నతల్లి చేత మొక్కించుకుంటూ అబద్ధంతో పడుకోవడం ఎంత నరకమో నాకు తెలుసు.

అర్రలో పడ్డ నాలుగో నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. సంచిలోంచి ట్యూబు తీసి రాసుకున్నాను. సాయంత్రం మళ్లీ రాశాను. రెండు రోజుల్లో ముఖం చల్లబడింది. అమ్మ సంతోషం చెప్పనలవి కాదు. పోచమ్మకు మొక్కుకుందట. బాపు చేతులతో మేపి పెంచిన పొట్టేలును కోశారు. నేనూ తిన్నాను.

ఆ ఏడాదే మహబూబ్‌నగర్ దవాఖానకు పోయాను. డాక్టరమ్మ ట్యూబు చూసి, "ఇది మొటిమల మందు కాదమ్మా, స్టెరాయిడు. బంద్ చెయ్యాల్సిందే. కొన్ని నెలలు ముఖం మండుతది. ఓర్వలేక మళ్లీ రాసినవంటే మళ్లీ మొదటికే" అంది. వేరే మందు రాసిచ్చింది, ఎండకు పోకు అంది. వారం తిరగకముందే ముఖం పగిలింది. ఆ ముఖంతో దుకాణంలో నిలబడలేక ఇంటికి పోయాను.

ఈసారి అమ్మ వేపమండలు తేలేదు. గడప మీద కూలబడింది.

"మొక్కు తీర్చినం గద. నేనే ఏదో తప్పు జేసిన. గప్పుడు ఒకనాడు మీ బాపుకు గుడ్డు పొరిచిన, నూనె కాగవెట్టిన. గదే అయుంటది."

అది వినలేకపోయాను. ట్యూబు తీసి ఆమె చేతిలో పెట్టి మొత్తం చెప్పాను. రెండేళ్ల పసుపు అబద్ధం, అర్రలో ఆ మధ్యాహ్నం, అన్నీ. వాకిట్లో ఉన్న బాపు విని గొర్ల దొడ్డివైపు పోయాడు. అమ్మ ట్యూబును అటూ ఇటూ తిప్పింది. తిడుతుందని తల వంచుకున్నాను.

"పొట్టేలు పోతే పోయింది" అంది. "అంత మంటల పండుకోని, నన్ను జూసే భయపడ్డవా బిడ్డా?"

అవునన్నాను.